ఎండ ఊరికే వస్తుంది, ప్యానెల్ అప్పు మీద వస్తుంది

మా పక్కింటాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఉండేది కర్నూలు. 2024 చివర్లో మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించారు. మొత్తం 2,10,000 రూపాయలైంది. చేతి నుంచి 21,000 పెట్టుకున్నారు. మిగతా 1,89,000 పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు 7 శాతం వడ్డీకి ఇచ్చింది. తర్వాత 78,000 సబ్సిడీ వచ్చి అప్పు ఖాతాలోనే జమైంది. మిగిలిన 1,11,000కి పదేళ్ల గడువు, నెలకు 1,289 రూపాయల ఈఎంఐ.

"కరెంటు బిల్లు పోయి ఈఎంఐ వచ్చింది సార్. పేరు మారిందంతే!" అని నవ్వారు. నవ్వి ఊరుకోలేదు, లెక్కల మాస్టారు కదా. చించేసిన క్యాలెండర్ కాగితం వెనక ఇంకో లెక్క వేసి చూపించారు. అదే అప్పు 12 శాతం వడ్డీకి, ఐదేళ్ల గడువుతో తెచ్చుంటే ఈఎంఐ 2,469 అయ్యేది. పాత కరెంటు బిల్లు సగటున రెండు వేలు. "ఈ లెక్కనైతే పెట్టించేవాణ్ణే కాదు" అన్నారు. రెండు లెక్కల్లోనూ ప్యానెల్ అదే, మేడ అదే, ఎండ అదే. మారింది అప్పు ఒక్కటే.

'రాష్ట్రానికి జర్మనీ బ్యాంకు నిధులు', 'గ్రీన్ ఎనర్జీకి ఏడీబీ సాయం', 'ఇరెడా కొత్త రుణం' లాంటి వార్తలు వారానికొకటి వస్తుంటాయి. వీటిలో డబ్బిచ్చేవి అభివృద్ధి బ్యాంకులు. ఎవరు ఎవరికి ఇస్తున్నారు, ఎందుకిస్తున్నారు, తిరిగి కట్టేదెవరు అన్నది మాత్రం చాలామందికి అంతుపట్టదు. మాస్టారి కాగితాన్ని కాస్త పెద్దది చేసి చూస్తే అందులోనే చాలా సంగతులు కనిపిస్తాయి.

బొగ్గు కరెంటు అద్దె ఇల్లు, సోలార్ కరెంటు సొంతిల్లు

బొగ్గు ప్లాంటు కట్టడానికీ డబ్బు కావాలి. కట్టాక కూడా బొగ్గు కొనాలి, రైల్లో తేవాలి, ప్రతి యూనిట్‌కూ ఇంధనం ఖర్చు పెట్టాలి. నెలనెలా అద్దె కట్టినట్టే. సోలార్, గాలి ప్లాంట్లకు ఇంధనం ఖర్చు లేదు. ఖర్చంతా మొదటిరోజే పెట్టాలి. సొంతిల్లు కట్టుకున్నవాడికి అద్దె బాధ ఉండదు కానీ హోమ్‌లోన్ వడ్డీ గుండెల మీద కూర్చుంటుంది. ఇక్కడా అంతే. సోలార్ యూనిట్ ధరలో పెద్ద వాటా పెట్టుబడి మీద కట్టాల్సిన వడ్డీది, అసలుది.

ఒక మెగావాట్ ప్లాంటు తీసుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి ఖర్చు నాలుగున్నర కోట్లు, ఏడాదికి 18 లక్షల యూనిట్లు వస్తాయనుకుందాం. ఇలాంటి ప్రాజెక్టుల్లో వందకు 70 అప్పు, 30 సొంత పెట్టుబడి పెట్టడం మామూలు. అంటే అప్పు 3.15 కోట్లు.

7 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు అయితే ఏటా 34.6 లక్షలు కట్టాలి. యూనిట్‌కు 1.92 రూపాయలు పడుతుంది. గడువు అంతే ఉంచి వడ్డీని 10.5 శాతం చేస్తే ఏటా 42.6 లక్షలు, యూనిట్‌కు 2.37. మూడున్నర శాతం వడ్డీ తేడా యూనిట్‌కు 45 పైసలు తినేసింది. ఇప్పుడు గడువు కూడా పదేళ్లకు తగ్గించి చూడండి. ఏటా 52.4 లక్షలు, యూనిట్‌కు 2.91.

మొదటి అప్పుకు, చివరి అప్పుకు తేడా యూనిట్‌కు సుమారు ఒక రూపాయి. ఈ మూడు అంకెలూ అప్పు ఖర్చు మాత్రమే. పెట్టుబడిదారు లాభం, నిర్వహణ ఖర్చు వీటి మీద కలుస్తాయి. పైసల లెక్కన టెండర్లు చేతులు మారే రంగంలో రూపాయి అంటే ప్రాజెక్టు నిలబడటానికీ పడిపోవడానికీ మధ్య ఉండే దూరం.

ఇందులో ఒక తమాషా ఉంది. 7 శాతానికి 15 ఏళ్లు కట్టినవాడు మొత్తం మీద 5.19 కోట్లు కడతాడు. 10.5 శాతానికి పదేళ్లు కట్టినవాడు 5.24 కోట్లు కడతాడు. మొత్తం దాదాపు ఒకటే! ఏటా పడే బరువులోనే అంత తేడా. 'చవక వడ్డీ' గురించి అందరూ మాట్లాడతారు. 'పొడుగు గడువు' గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నన్నడిగితే అభివృద్ధి బ్యాంకులు చేసే పనిలో సగం ఆ గడువులోనే ఉంది. మామూలు బ్యాంకు దగ్గరుండే డబ్బు జనం వేసుకున్న డిపాజిట్లు. ఏడాదికో మూడేళ్లకో తిరిగివ్వాల్సిన డబ్బును పదిహేను, ఇరవై ఏళ్లకు అప్పివ్వాలంటే ఆ బ్యాంకుకు బెదురు. ఆ బెదురు అన్యాయమైనదేమీ కాదు.

అభివృద్ధి బ్యాంకు అంటే ఏది?

ప్రభుత్వం చేతిలో ఉండి, ఫలానా ప్రజా ప్రయోజనం కోసం అప్పులివ్వడానికే పుట్టిన బ్యాంకు. సాధారణంగా దీనికి మన వీధిలో బ్రాంచి ఉండదు, సేవింగ్స్ ఖాతా ఉండదు. నష్టపోవాలని పెట్టినది కాదు కానీ లాభం దీని మొదటి లెక్క కూడా కాదు. ప్రపంచంలో ఇలాంటివి ఐదు వందలకు పైగా ఉన్నాయి.

ఎక్కువగా ఉదాహరణ చెప్పేది జర్మనీలోని కేఎఫ్‌డబ్ల్యూని. రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన దేశాన్ని తిరిగి కట్టడానికి 1948లో పెట్టారు. మొదటి మూలధనం అమెరికా మార్షల్ ప్లాన్ నుంచి వచ్చింది. దాని వాటాల్లో 80 శాతం జర్మనీ కేంద్ర ప్రభుత్వానిది, 20 శాతం అక్కడి రాష్ట్రాలది. దాని అప్పులన్నిటికీ జర్మనీ ప్రభుత్వం చట్టరీత్యా పూచీ ఉంటుంది. అంచేత కేఎఫ్‌డబ్ల్యూ బాండ్లు అమ్మితే కొనేవాళ్లు జర్మనీ ప్రభుత్వాన్ని నమ్మినట్టే నమ్ముతారు. బాండు అంటే పెద్ద ఎత్తున రాసిచ్చే ప్రామిసరీ నోటు అనుకోండి. నోటు రాసేవాడి పరపతి ఎంత గట్టిదైతే వడ్డీ అంత తక్కువ. అలా చవకగా తెచ్చిన డబ్బుకు కొద్దిపాటి ఖర్చులు కలిపి అప్పిస్తుంది. జర్మనీలో ఇల్లుగలవాళ్లకు ఇచ్చేటప్పుడు నేరుగా ఇవ్వదు. ఆ మనిషికి ఖాతా ఉన్న మామూలు బ్యాంకు ద్వారా ఇస్తుంది.

ప్రపంచ బ్యాంకు, మనీలాలోని ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ), బీజింగ్‌లోని ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు (ఏఐఐబీ) నడిచేదీ ఇదే సూత్రం మీద. తేడా ఏమిటంటే ఇక్కడ వెనక ఉన్నది ఒక దేశం కాదు, చాలా దేశాలు. సభ్యదేశాలు మూలధనంలో కొంతే చేతికిస్తాయి. మిగతాది 'అవసరమైతే పిలవండి, ఇస్తాం' అన్న మాట. ఆ మాట మీద నమ్మకంతోనే మార్కెట్ చవకగా అప్పిస్తుంది.

మన దగ్గర పల్లెల విద్యుదీకరణ కోసం 1969లో ఆర్ఈసీ, 1986లో పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ (పీఎఫ్‌సీ), పునరుత్పాదక ఇంధనం కోసమే 1987లో ఇరెడా, మౌలిక వసతుల కోసం 2021లో నాబ్‌ఫిడ్ వచ్చాయి. ఇరెడా పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది అప్పు కాదు, షేరు. 2023 నవంబరులో 32 రూపాయలకు ఇచ్చిన షేరు తర్వాతి ఏడాది జులైలో 300 దాటి, మళ్లీ అందులో సగానికి జారింది. ఎన్ని వాట్సాప్ గ్రూపులు దాని మీద బతికాయో! ప్రజా ప్రయోజనం కోసం పుట్టిన సంస్థకు స్టాక్ మార్కెట్లో లక్షలమంది వాటాదారులుంటే అది ఎవరి మాట వినాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇంకో సంగతి. ఇరెడా, పీఎఫ్‌సీ, ఆర్ఈసీలు ప్రభుత్వ సంస్థలైనంత మాత్రాన వాటి వడ్డీ కేఎఫ్‌డబ్ల్యూ వడ్డీ అంత చవకగా ఉండదు. అవి ఎక్కువ భాగం మన దేశ మార్కెట్లోనే బాండ్లు అమ్మి డబ్బు తెచ్చుకుంటాయి, ఇక్కడి రేట్లే వాటికీ పడతాయి. ఈ రంగం తెలిసి ఉండటం, పెద్ద మొత్తం ఇవ్వగలగడం, పొడుగు గడువుకు ఒప్పుకోవడం వాటి బలం.

'సాయం' అని అచ్చవుతుంది, అది అప్పు

మన పత్రికల్లో 'ప్రపంచ బ్యాంకు సాయం' అన్న మాట పాతుకుపోయింది. చదివినవాళ్లకు ఎవరో దానం చేశారనిపిస్తుంది. చాలాసార్లు అది అప్పు. వడ్డీతో సహా రాష్ట్రమో కేంద్రమో కట్టి తీరాలి. తిరిగి కట్టక్కర్లేనిదాన్ని గ్రాంటు అంటారు. అప్పే అయినా మార్కెట్ కంటే తక్కువ వడ్డీ, ఎక్కువ గడువు ఉంటే రాయితీ రుణం. డబ్బు ఇవ్వకుండా 'అతను కట్టకపోతే నేను కడతా' అని రాసిస్తే గ్యారంటీ, మన ఊళ్లో జామీను ఉండటం లాంటిది.

మరొకటుంది. నష్టమొస్తే ముందు తన డబ్బు పోయేలా అభివృద్ధి బ్యాంకు ఒప్పుకోవడం. వంద కోట్ల నిధిలో 20 కోట్లు అలా పెట్టిందనుకోండి. 15 కోట్లు మునిగితే ప్రైవేటువాళ్ల 80 కోట్లకు చీమ కుట్టినట్టయినా ఉండదు. 30 కోట్లు మునిగితే ఇరవై ప్రభుత్వ బ్యాంకుది, పది మాత్రమే ప్రైవేటువాళ్లది.

ఒకే ప్రాజెక్టులో ఇవన్నీ కలిసి ఉండొచ్చు. గాలి, ఎండ కరెంటును మోసే లైన్ల కోసం కేంద్రం తెచ్చిన గ్రీన్ ఎనర్జీ కారిడార్ మొదటి దశను చూడండి. ఆంధ్రప్రదేశ్ సహా ఎనిమిది రాష్ట్రాల్లో రాష్ట్రం లోపలి లైన్లకు అంచనా 10,141 కోట్లు. అందులో 40 శాతం కేంద్రం గ్రాంటు, 40 శాతం కేఎఫ్‌డబ్ల్యూ అప్పు, అంటే 50 కోట్ల యూరోలు, 20 శాతం రాష్ట్రాల సొంత డబ్బు. వార్తలో ఇది 'జర్మనీ నిధులతో లైన్లు' అవుతుంది. నూటికి అరవై రూపాయలు మనవే.

లైన్ల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సోలార్ పార్కు ఏడాదిన్నరలో లేచి నిలబడుతుంది. కరెంటు మోసే లైను అంత తొందరగా రాదు. టవర్ కాలు దిగే ప్రతి పొలం దగ్గరా మాట్లాడుకోవాలి. పార్కు ముందే తయారై లైను రాకపోతే ఎండ వృథా. లైను ముందే వేసి పార్కు రాకపోతే పెట్టుబడి వృథా. ముందు డబ్బు పెట్టి వెనక రాబడి కోసం కూర్చోవడం ప్రైవేటువాళ్లకు గిట్టదు. అభివృద్ధి బ్యాంకుల డబ్బు లైన్లలో, సబ్‌స్టేషన్లలో ఎక్కువగా కనిపించడానికి ఇదో కారణం. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల కరెంటు పేరుతో నెట్‌వర్క్ బలపరిచే ప్రాజెక్టుకు ప్రపంచ బ్యాంకు 24 కోట్ల డాలర్లు, ఏఐఐబీ 16 కోట్ల డాలర్లు ఇచ్చాయి. అవీ అప్పులే.

అప్పిచ్చేవాడికి ఎండ మీద అనుమానం లేదు, డిస్కం మీద ఉంది

రాయలసీమ ఎండను నమ్మడానికి బ్యాంకులకు పెద్ద కష్టం లేదు. వాళ్ల భయం వేరే. ఆ కరెంటు కొనేవాడు పాతికేళ్లపాటు చెప్పిన ధర, చెప్పిన టైముకు ఇస్తాడా? కొనేది ఎక్కువగా రాష్ట్ర డిస్కం, అంటే ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థ. డిస్కంల పరిస్థితి అందరికీ తెలిసిందే.

దీనికి దూరం పోనక్కర్లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. జులై 1న జీవో 63 ఇచ్చి, పాత సోలార్, పవన విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు తిరగదోడటానికి కమిటీ వేసింది. రాష్ట్రం వాదనలో పస లేకపోలేదు. గాలి కరెంటును యూనిట్ 4.84 రూపాయలకు పాతికేళ్లు కొనేలా ఒప్పందాలున్నాయి. ఈలోగా దేశంలో, తక్కువ ధర చెప్పినవాడికే దక్కే వేలాల్లో, రేటు రెండున్నరకు దిగింది. నష్టాల్లో ఉన్న డిస్కంలు ఆ తేడా ఎందుకు మొయ్యాలి, చివరికి మోసేది జనమే కదా అన్నది ప్రశ్న. కంపెనీలది ఇంకో వాదన. అప్పటి ధరలకు ప్యానెళ్లు, టర్బైన్లు కొన్నాం. ఆ ఒప్పందం చూపించే అప్పు తెచ్చాం. మీరు ధర తగ్గిస్తే బ్యాంకు వడ్డీ తగ్గిస్తుందా?

విషయం హైకోర్టుకెక్కింది. తుదిగా తేలేదాకా గాలి కరెంటుకు 2.43, సోలార్‌కు 2.44 చొప్పున తాత్కాలికంగా కట్టమని 2019 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. 2022 మార్చి 15న ధర్మాసనం ఒప్పందంలోని ధరలే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పిచ్చింది. కంపెనీలు గెలిచాయి. ఆ రెండున్నరేళ్లలో అప్పుల వాయిదాలు మాత్రం ఆగలేదు.

అప్పిచ్చేవాడి గుర్తులో ఇలాంటివి చాలాకాలం ఉంటాయి. గుర్తున్నంత కాలం వడ్డీలో అర శాతమో ఒక శాతమో భయం కలిసే ఉంటుంది. పైన చూసిన లెక్క ప్రకారం ఒక్కో శాతం అంటే యూనిట్‌కు పన్నెండు, పదమూడు పైసలు.

డిస్కంల బకాయి జబ్బుకు మందు కూడా ప్రభుత్వ బ్యాంకుల దగ్గర్నుంచే వచ్చింది. 2020 కోవిడ్ ప్యాకేజీలో డిస్కంలు కరెంటు కంపెనీలకు పడ్డ బకాయిలు తీర్చడానికి పీఎఫ్‌సీ, ఆర్ఈసీల నుంచి 90,000 కోట్ల వరకు అప్పు తీసుకోవచ్చన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల డిస్కంలూ తీసుకున్నాయి. 2022 జూన్ నాటికి దేశం మొత్తం మీద బకాయి సుమారు 1.38 లక్షల కోట్లు. ఆ ఏడాది వచ్చిన నిబంధనలు పాత బాకీని గరిష్ఠంగా 48 వాయిదాల్లో కట్టమన్నాయి. దానికీ మళ్లీ ఈ సంస్థలే అప్పిచ్చాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. మందా, వాయిదానా అన్నదాని మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు.

రీవా: డబ్బు కొంచెం, కాగితం పని ఎక్కువ

ఇక్కడే మధ్యప్రదేశ్‌లోని రీవా సోలార్ పార్కు కథ చెప్పాలి. 750 మెగావాట్లు, 2017 ఫిబ్రవరిలో వేలం. మొదటి ఏడాది యూనిట్ ధర 2.97 రూపాయలు, పదిహేనేళ్లపాటు ఏటా 5 పైసలు పెరుగుతుంది. పాతికేళ్ల సగటు 3.30. ఏడాది ముందు రాజస్థాన్‌లో 4.34 వస్తేనే దేశమంతా అబ్బో అంది.

ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీ ఇక్కడ సలహాదారు. అది మొదట చేసిన పని ఒప్పందం రాయడం. కరెంటు కొనేవాడు కట్టకపోతే ఏం చెయ్యాలన్నదానికి మూడు అంచెలు పెట్టారు. మొదటిది బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే కొన్నవాడు కట్టకపోతే బ్యాంకు కడుతుందన్న పత్రం, తర్వాత విడిగా ఉంచిన చెల్లింపు నిధి, ఆపైన రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ. కరెంటులో దాదాపు పావు వంతు ఢిల్లీ మెట్రో కొనేలా కుదిర్చారు. మెట్రో రోజూ టికెట్లు అమ్ముకునే సంస్థ, కట్టగలదని నమ్మకం. పార్కు లోపలి రోడ్లు, లైన్లు, సబ్‌స్టేషన్ల కోసం ప్రపంచ బ్యాంకు ఇరెడా ద్వారా అప్పిచ్చే ఏర్పాటు చేసింది. మధ్యప్రదేశ్‌లోని రీవా, మంద్‌సౌర్‌లతో మొదలైన ఆ ప్రాజెక్టుకు 9.8 కోట్ల డాలర్ల రుణం, 20 లక్షల డాలర్ల గ్రాంటు. ప్యానెళ్ల డబ్బంతా ప్రైవేటు కంపెనీలది, వాటి బ్యాంకులది.

రేటు పడిపోయిన ఘనతంతా ఈ కాగితాలదేనా? అలా చెబితే అతిశయోక్తే. అదే కాలంలో ప్యానెల్ ధరలు జారుతున్నాయి. మూడు నెలలకే రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44 వచ్చింది. ఆంధ్రలో తర్వాత తాత్కాలిక ధరగా వినిపించిన అంకె కూడా అదే. పందెం మొత్తం ఒక గుర్రానిదే అనలేం. అయితే జామీను గట్టిగా ఉన్నచోట వేలానికి వచ్చేవాళ్లు పెరుగుతారని, పోటీకి రేటు తగ్గుతుందని రీవా చూపించింది.

డాలర్ అప్పు చవక, రూపాయి పడకపోతే

విదేశీ బ్యాంకు 5 శాతానికి ఇస్తుంటే ఇక్కడ పదికి ఎందుకు తేవాలి? సోలార్ కంపెనీకి రాబడి రూపాయల్లో వస్తుంది, అప్పు డాలర్లలో కట్టాలి. 2014 మధ్యలో డాలరు 60 రూపాయల దగ్గరుంది. అప్పుడు పది లక్షల డాలర్లు తెచ్చినవాడి చేతికి ఆరు కోట్లొచ్చాయి. 2024 మధ్యలో అసలు ఒక్కసారే తీర్చాలంటే 8.35 కోట్లు కావాలి. ఏటా సగటున మూడు శాతం పైచిలుకు అసలే ఉబ్బిందన్నమాట. 5 శాతం అప్పు నిజానికి ఎనిమిదిన్నర. ఆ భయం లేకుండా ముందే మారకం రేటు ఖాయం చేసుకోవచ్చు, దాన్ని హెడ్జింగ్ అంటారు. దానికి కట్టే రుసుముతో చవకతనం చాలావరకు ఆవిరవుతుంది.

ఈ బరువు ఎవరో ఒకరు మొయ్యాలి. కేంద్రం గ్యారంటీతో వచ్చే అప్పుల్లో చివరికి అది ప్రభుత్వం మీద, అంటే మన మీద పడొచ్చు. ఇరెడా లాంటి సంస్థ మధ్యలో ఉంటే డాలర్లు, యూరోలు తను తీసుకుని, రూపాయల్లో అప్పిచ్చి, మారకం తలనొప్పి తను భరిస్తుంది. చిన్న కంపెనీకి అది పెద్ద వెసులుబాటు.

మూసేయడానికీ డబ్బు కావాలి

ఇంధన మార్పు అంటే కొత్తవి కట్టడమే కాదు, పాతవి మూయడం కూడా. 2024 ఆగస్టులో పాల్వంచలో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం) ఎనిమిది కూలింగ్ టవర్లను పేలుడుతో కూల్చిన వీడియో చాలామంది ఫోన్లలో తిరిగింది. క్షణాల్లో మోకాళ్ల మీద కూర్చున్నట్టు కూలాయి. పాతది పోయినా పక్కనే 800 మెగావాట్ల కొత్త యూనిట్ నడుస్తోంది కాబట్టి ఊరి బతుకు ఒక్కసారిగా ఆగిపోలేదు.

దక్షిణాఫ్రికాలోని కొమాటికి ఆ ఊరట లేదు. 1961లో మొదలైన బొగ్గు ప్లాంటు అది. చివరి యూనిట్ 2022 అక్టోబరు 31న ఆగింది. ప్లాంటు విప్పేసి, ఆ చోటే 150 మెగావాట్ల సోలార్, 70 మెగావాట్ల గాలి, 150 మెగావాట్ల బ్యాటరీ పెట్టడానికి, కార్మికులకు కొత్త పనులు నేర్పడానికి ప్రపంచ బ్యాంకు నవంబరులో 49.7 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అందులో 43.95 కోట్లు అప్పు. మిగిలినదాంట్లో 4.75 కోట్లు కెనడా పెట్టిన నిధి నుంచి రాయితీ రుణం, ఒక కోటి గ్రాంటు.

ప్లాంటు మూత నిమిషాల పని. కొత్తవి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో కాంట్రాక్టు కార్మికులు, వాళ్ల మీద ఆధారపడ్డ చిన్న దుకాణాలు దెబ్బతిన్నాయి. ముందు సన్నాహం, జనంతో మాట్లాడటం సరిపోలేదని ఆ దేశ అధ్యక్షుడు వేసిన వాతావరణ కమిషనే తప్పుపట్టింది. బొగ్గు మూయడాన్ని వ్యతిరేకించేవాళ్లకు కొమాటి చేతిలో ఆయుధమైంది. సమర్థించేవాళ్లు చెప్పేదొక్కటే. ఆ ప్లాంటు వయసైపోయింది, అప్పు వచ్చినా రాకున్నా మూతపడేదే. అప్పు వల్లే తర్వాత ఏం చెయ్యాలన్న ప్రణాళికైనా వచ్చింది. రెండు మాటల్లోనూ నిజముంది.

మన దగ్గర సంగతి ఇంకో రకం. పీఎఫ్‌సీ, ఆర్ఈసీ ఒక చేత్తో సోలార్‌కు, ఇంకో చేత్తో బొగ్గుకు అప్పిస్తాయి. నల్గొండ జిల్లాలోని 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు వాటి అప్పులతోనే లేచింది. యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు 2019లోనే నిర్ణయం తీసుకుని, 2021 తర్వాత మామూలు బొగ్గు, చమురు, గ్యాస్ ప్రాజెక్టులకు కొత్త అప్పులు ఆపేసింది. మనవాళ్లూ అలా ఎందుకు ఆపరంటే, రాత్రి ఏడింటికి ఎండ ఉండదు, ఆ టైములోనే వాడకం పెరుగుతుంది, బ్యాటరీలు చాలినన్ని వచ్చేదాకా ఏం చెయ్యమంటారన్నది జవాబు. ఇవాళ కట్టిన బొగ్గు ప్లాంటు ముప్పై, నలభై ఏళ్లు నడిస్తేనే అప్పు గిట్టుబాటవుతుంది, అప్పటికి చవక బ్యాటరీల ముందు అది నిలవకపోతే మునిగేదీ ఇదే ప్రభుత్వ సొమ్ము కదా అన్నది ఎదురు ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు నాకింతవరకు గట్టి జవాబు కనిపించలేదు.

ఒక రూపాయికి ఎన్ని రూపాయలు?

2015 ప్రాంతంలో అభివృద్ధి బ్యాంకుల నోట ఒక నినాదం మారుమోగింది. మేం వందల కోట్లు పెడితే ప్రైవేటు డబ్బు లక్షల కోట్లలో వస్తుందని. అంత రాలేదు. లండన్‌లోని ఓడీఐ అనే పరిశోధన సంస్థ 2019లో లెక్కతీస్తే, అభివృద్ధి బ్యాంకులు పెట్టిన ఒక డాలరుకు వెంట వచ్చిన ప్రైవేటు డబ్బు సగటున 75 సెంట్లు. బాగా పేద దేశాల్లో 37 సెంట్లే. జామీను ఎంత గట్టిగా ఉన్నా, అసలు వ్యాపారమే గిట్టనిచోటికి ఎవరూ రారన్నమాట.

విమర్శ ఇంకో వైపు నుంచీ ఉంది. ప్రైవేటు బ్యాంకులు ఎటూ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మంచి ప్రాజెక్టులకే ప్రభుత్వ బ్యాంకులూ పోటీపడి ఇస్తే ఏం లాభం? అలాగని ఎవరూ ఇవ్వనివాటికే ఇస్తే మొండి బాకీలు పెరుగుతాయి. 2025 ఏప్రిల్‌లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వు ఇక్కడ గుర్తొస్తుంది. జెన్సోల్ ఇంజినీరింగ్ అనే సంస్థ ఇరెడా, పీఎఫ్‌సీల నుంచి తెచ్చిన 977.75 కోట్లలో 663.89 కోట్లు 6,400 ఎలక్ట్రిక్ కార్లు కొనడానికి. కొన్నది 4,704 మాత్రమేనని, మిగతా డబ్బులో చాలా భాగం పక్కదారి పట్టిందని అందులో ఉంది. 'గ్రీన్' అని పేరు పెట్టుకున్నంత మాత్రాన అప్పు పచ్చగా ఉండదు. కార్లు వచ్చాయా లేదా అని ఎవరో ఒకరు వెళ్లి లెక్కపెట్టాలి.

దేశాల మధ్య గొడవ దీనికంటే పెద్దది. 2024లో బాకూలో జరిగిన వాతావరణ సదస్సులో, వర్ధమాన దేశాలకు 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అందేలా సంపన్న దేశాలు ముందు నిలబడాలని లక్ష్యం పెట్టారు. అభివృద్ధి బ్యాంకులిచ్చే అప్పులూ ఆ లెక్కలోకే వస్తాయి. భారత ప్రతినిధి అక్కడికక్కడే అభ్యంతరం చెప్పారు. పొగ పెట్టినవాడు ఇచ్చేది అప్పా, పరిహారమా అన్నది పాత తగాదా. ఇచ్చేవాళ్ల వైపు జవాబూ పాతదే: గ్రాంటుకు ఏటా పార్లమెంటు ముందు చెయ్యి చాపాలి, బాండ్ల మీద తెచ్చే డబ్బయితే పరిమాణం పెద్దది, కానీ బాండు కొన్నవాడికి తిరిగి కట్టాలి కాబట్టి అది అప్పుగానే ఇవ్వగలం.

మొన్న మాస్టారు మళ్లీ గోడ దగ్గరికొచ్చారు. సూర్యఘర్ అప్పు వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటుకు, అంటే అది బ్యాంకులకు అప్పిచ్చే రేటుకు, ముడిపడి ఉంది. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో మొత్తం ఒక శాతం తగ్గింది. ఆయన వడ్డీ 7 నుంచి 6కి వచ్చింది, ఈఎంఐలో యాభై రూపాయల చిల్లర తగ్గింది. "ప్యానెల్ తుడిచింది కూడా లేదు సార్, యూనిట్ పదిహేను పైసలు చవకైంది" అన్నారు. ఆ కాగితం కూడా క్యాలెండర్‌దే, ఈసారి జూన్ నెలది.